రెండు నెలలుగా విరేచనం తీరు మారిపోయింది, ఇప్పుడు నల్లగా వస్తోంది. ఎవరికైనా ఇలా అయిందా?

టెక్కలి_కండక్టర్

అందరికీ నమస్కారం. సిగ్గు పక్కన పెట్టి రాస్తున్నాను, పేరు లేదు కాబట్టి రాయగలుగుతున్నాను.

నాకు 49 ఏళ్ళు. టెక్కలి–శ్రీకాకుళం పల్లెవెలుగు బస్సులో కండక్టర్ని. ఇన్నేళ్ళ సర్వీసులో నా కడుపు నాకు ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. నాలుగున్నరకి లేవడం, మా ఆవిడ ఇచ్చిన టీ తాగడం, పది నిమిషాల్లో పని అయిపోవడం. మళ్ళీ మర్నాడు నాలుగున్నర దాకా దాని ఊసే ఉండేది కాదు. మా ఉద్యోగంలో ఇదెంత ఆస్తో బయటివాళ్ళకి అర్థం కాదు. బస్సు నిండా జనం, కోటబొమ్మాళి దాటాక నరసన్నపేట దాకా ఆపుకోవాలంటే మనిషికి దేవుళ్ళందరూ గుర్తొస్తారు.

కార్తీక మాసం చివర్నుంచి లెక్క తప్పింది. పొద్దున్న ఒకసారి కాదు, మూడు, నాలుగు సార్లు. గట్టిగా ఉండదు, చోడి జావలా ఉంటుంది. అయ్యాక కూడా ఇంకా ఉందేమో అనిపిస్తుంది. టీ తాగినా, టిఫిన్ తిన్నా వెంటనే కడుపులో గుడగుడ. రాత్రి పడుకున్నాక మాత్రం ఏమీ ఉండదు. నరసన్నపేటలో కాంప్లెక్సు ఎదురుగా ఒక టిఫిన్ హోటలాయన ఉన్నాడు, మంచివాడు, ఏమీ అడక్కుండా వెనకాల తాళం ఇస్తాడు. ఆయన దగ్గర మొహమాటానికి రోజూ రెండు ఇడ్లీలు కొంటున్నాను. అవి డ్రైవర్ తింటున్నాడు. క్యాష్ బ్యాగులో ఒక నీళ్ళ సీసా, సీటు కింద కవర్లో ఇంకో ప్యాంటు. అదీ నా పరిస్థితి.

సంక్రాంతికి అరిసెలు, గారెలు, కనుమ నాటుకోడి మీదకి తోసేశాను. తరువాత ఒక క్యాంపులో రక్త పరీక్ష చేస్తే హిమోగ్లోబిన్ 9.2 వచ్చింది. అక్కడ ఐరన్ బిళ్ళలు రాసి, ఆకుకూరలు తినమన్నారు. ఆ బిళ్ళలు మొదలుపెట్టిన మూడో రోజు నుంచి విరేచనం నల్లగా రావడం మొదలైంది. బొగ్గు నలుపు. భయమేసి ఎనిమిది రోజులకి మానేశాను.

భయం ఎందుకంటే మా మేనమామ. మూలశంక అని ఏడాది పాటు చెట్టుమందు తిన్నాడు. విశాఖ తీసుకెళ్ళేసరికి పెద్దపేగు కేన్సర్, లివరుకి పాకేసింది. ఆయన కూడా మొదట్లో 'మోషన్ తీరు మారిందిరా' అన్నాడట. ఆ మాట మా అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర లేదు.

రథసప్తమి రోజు నన్ను స్పెషల్ బస్సుకి వేశారు. ఏడు రోడ్ల కూడలి నుంచి అరసవల్లి ఎంత దూరం, నడిస్తే అరగంట. ఆ రోజు బస్సు చీమలా పాకుతోంది, బయట జనసముద్రం, లోపల కాలు పెట్టే చోటు లేదు. నాకు చెమటలు పట్టేశాయి. అది కడుపు వల్లా, భయం వల్లా తెలీదు కానీ కళ్ళు తిరిగి కమ్మీ పట్టుకుని నిలబడిపోయాను. ఒక ముసలమ్మ లేచి 'కూకో బావూ, నీ మొకమేటలగయిపోయింది' అని సీటిచ్చింది. కండక్టరుకి పాసింజరు సీటివ్వడం నా సర్వీసులో అదే మొదటిసారి.

షుగర్ ఉంది, ఆరేళ్ళుగా బిళ్ళలు వాడుతున్నాను. సిగరెట్ లేదు, మందు పండక్కి తప్ప లేదు. ఇది ఐరన్ బిళ్ళల వల్లేనా? లేక మామయ్య జబ్బేనా? ఏ డాక్టర్ దగ్గరికి వెళ్ళాలి?

ఆమదాలవలస_మాస్టారు

బాబూ, ఇదంతా పండగ తిండి, వేడి చేసింది. వాము, జీలకర్ర దోరగా వేయించి పొడి కొట్టి మజ్జిగలో తాగు. దానిమ్మ తొక్క కషాయం కూడా మంచిదే. వారం రోజులు పథ్యం చేస్తే సర్దుకుంటుంది. ఇంగ్లీషు మందులు ఒకటి తింటే రెండోది కావాలి. అనవసరంగా కేన్సర్ దాకా ఆలోచించకు.

రాజాం_మందులషాపు

కండక్టర్ గారూ, నేను డాక్టర్ని కాదు, మందుల షాపు నడుపుతాను. రోజుకి పదిమంది ఇదే బాధతో వస్తారు. రెండు ప్రశ్నలు.

ఒకటి, మీ షుగర్ బిళ్ళ మెట్‌ఫార్మినేనా? కార్తీకంలో దాని డోసు పెంచారా? ఎందుకు అడుగుతున్నానంటే, ఆ మందు మొదలుపెట్టినప్పుడో డోసు పెంచినప్పుడో చాలామందికి కడుపు పలచబడుతుంది. పొద్దున్న మూడు నాలుగు సార్లు, జావలా, తిన్న వెంటనే గుడగుడ. మీరు రాసింది అచ్చం అలాగే ఉంది. నెమ్మదిగా కరిగే రకం ఉంటుంది, దానికి మారిస్తే చాలామందికి తగ్గుతుంది. కానీ మీకు మీరు మానొద్దు, షుగర్ పైకి పోతుంది. ఏళ్ళ తరబడి ఆ మందు వాడేవాళ్ళలో బి12 విటమిన్ కూడా తగ్గుతుంది. రక్తం తక్కువ అన్నారు కాబట్టి ఆ పరీక్ష కూడా అడగండి.

రెండు, నడుంనొప్పికో కాళ్ళనొప్పికో ఏమైనా వేసుకుంటున్నారా? మీ డిపో వాళ్ళు మా కౌంటర్లో ఏమడుగుతారో నాకు తెలుసు కాబట్టి అడుగుతున్నాను. మేం ఇస్తాం, మీరు వేసుకుంటారు. ఆ తప్పులో మా వాటా ఉంది.

కుసుమ_సిస్టర్ (రిటైర్డ్)

నాయనా, ముందు మాస్టారి మాట పక్కన పెట్టు. మాస్టారూ, ఏమీ అనుకోకండి. కడుపు ఉబ్బరానికైతే వాము నేనూ తాగుతాను. కానీ ఇక్కడ సంగతి వేరు.

సర్జికల్ వార్డులో ముప్పై ఏళ్ళు చేశాను. ఇందులో నాకు అన్నిటికంటే కళ్ళలో గుచ్చుకున్నది మోషన్ కాదు, ఆ 9.2. మగవాడికి హిమోగ్లోబిన్ 13కి తగ్గకూడదు. ఆడవాళ్ళకైతే నెలసరి ఉంది, కాన్పులున్నాయి, ఒక దారి కనపడుతుంది. నలభై తొమ్మిదేళ్ళ మగవాడికి, నాటుకోడి తినేవాడికి, రక్తం ఎటు పోయింది? ముందు ఆ ప్రశ్న అడగాలి. అది అడక్కుండా ఐరన్ రాసి పంపడమంటే, చిల్లు చూడకుండా కుండలో నీళ్ళు పోయడమే. అలాంటి రక్తం ఎక్కువగా కడుపులోంచో పేగులోంచో కంటికి కనపడకుండా పోతూ ఉంటుంది.

ఇక నలుపు సంగతి. ఐరన్ తింటే నలుపు రావడం మామూలే. మందు పనిచేస్తోందనీ కాదు, చెడ్డదనీ కాదు. పేగుకి పట్టకుండా మిగిలిన ఇనుము అలా బయటికి పోతుందంతే. ఆ నలుపులో కాస్త ఆకుపచ్చదనం ఉంటుంది, ముద్దగా ఉంటుంది, వాసన మామూలుగానే ఉంటుంది, నీళ్ళు పోస్తే పోతుంది. రక్తం వల్ల వచ్చే నలుపు అలా కాదు. రోడ్డు వేసేటప్పుడు తారు చూశావు కదా, అలా నిగనిగలాడుతూ జిగటగా ఉంటుంది. బేసినుకి అంటుకుపోతుంది, మగ్గు మీద మగ్గు పోసినా జారదు. వాసన ఒకసారి పీల్చినవాళ్ళు జన్మలో మరిచిపోరు. మేం వార్డు గుమ్మంలోనే పసిగట్టేవాళ్ళం, డాక్టరుకి చెప్పేవాళ్ళం. జీర్ణాశయంలోనో దాని కిందనో పుండు ఉండి రక్తం కారితే, అది అరిగి కిందకి వచ్చేసరికి అలా నల్లబడుతుంది. ఒక చిన్న టీ గ్లాసుడు రక్తం కూడా అక్కర్లేదు, అంతకంటే తక్కువతోనే నలుపు తిరుగుతుంది. మూలశంక రక్తం గుమ్మం దగ్గరే కారేది, అందుకే ఎర్రగా చుక్కలు చుక్కలుగా పడుతుంది. మీ మామయ్య విషయంలో జరిగిన పొరపాటు అదే, ఎర్రగా ఉంది కదా అని మూలశంక అనేసుకున్నారు.

ఇప్పుడు నాకు చెప్పు. ఐరన్ మానేసి ఎన్నాళ్ళయింది? మానేస్తే మూడు నాలుగు రోజుల్లో, మహా అయితే వారంలో, రంగు తిరగాలి. తిరిగిందా? ఐరన్ మొదలుపెట్టక ముందు ఎప్పుడైనా నల్లగా అయిందా? మందులషాపు అబ్బాయి అడిగిన నొప్పి బిళ్ళల సంగతికి కూడా నిజం చెప్పు. బరువు తగ్గావా?

ఇంకొకటి. రోజూ ఒక కాగితం మీద రాయి. టైము, రంగు, ఎలా ఉందో. ఇంగ్లండ్‌లో బ్రిస్టల్ అనే ఊరి డాక్టర్లు దీనికి ఏడు రకాల బొమ్మలతో ఒక చార్టు 1997లో అచ్చువేశారు. మన భాషలో చెప్పాలంటే ఒకటో రకం మేక పెంటికలు, నాలుగోది నున్నటి అరటిపండు, ఆరోది జావ, ఏడోది నీళ్ళు. మూడు, నాలుగు మంచివి. ఈ నంబరు చెబితే డాక్టరుకి సగం కథ చెప్పినట్టే, నువ్వు సిగ్గుపడి నసగక్కర్లేదు. రోజుకి మూడుసార్ల నుంచి వారానికి మూడుసార్ల దాకా ఎవరి మామూలు వాళ్ళది. నీ మామూలు మారి, అది నెల దాటిందంటే మాత్రం చూపించుకోవాలి.

టెక్కలి_కండక్టర్

సిస్టర్ గారూ, చదివాక చేతులు చల్లబడ్డాయి. నిజమే చెబుతాను.

ఐరన్ మానేసి ఆరు రోజులు. రంగు తిరగలేదు. నిన్న, ఇవాళ మీరు చెప్పినట్టే ఉంది. ఇవాళ నాలుగు మగ్గులు పోశాను, అంచున అలాగే ఉండిపోయింది, చీపురు పెట్టాల్సి వచ్చింది. మా ఆవిడ 'ఏటండీ ఈ కంపు, ఎలక గానీ చచ్చిందేటి' అంది.

నడుంనొప్పికి బిళ్ళ ఏడాదిన్నరగా వేసుకుంటున్నాను, డ్యూటీ ఉన్న రోజల్లా. మొదటి ట్రిప్పు టీతోపాటు, ఖాళీ కడుపున. రేకు పేరు చూస్తే డైక్లోఫెనాక్ అని ఉంది. అదొక మందు అని ఎప్పుడూ అనుకోలేదు. టీ, బిళ్ళ, విజిల్, అలా అలవాటైపోయింది.

మెట్‌ఫార్మిన్ సంగతీ నిజమే. చీటీ తీసి చూశాను, కార్తీక పౌర్ణమి అయిన వారానికి 500 నుంచి 1000కి పెంచారు, రెండు పూటలా.

ఐరన్‌కి ముందు కూడా అయింది. నాగులచవితి తరువాత రెండు మూడు రోజులు నల్లగా, జిగటగా వచ్చింది. పుట్ట దగ్గర్నుంచి తెచ్చిన నువ్వుల చిమ్మిలి బాగా తిన్నాను, దాని వల్ల అనుకున్నాను. తెల్ల నువ్వులు అని ఇప్పుడు గుర్తొస్తోంది.

బరువు తగ్గలేదు. కాంప్లెక్సులో రెండు మెట్లెక్కితే ఆయాసం. ఎల్లుండి వీక్లీ ఆఫ్, ఆ రోజు వెళ్ళనా?

కుసుమ_సిస్టర్ (రిటైర్డ్)

ఎల్లుండి కాదు. ఇప్పుడు. ఓపీ చీటీ క్యూలో నిలబడొద్దు, క్యాజువాల్టీకి వెళ్ళి 'నల్ల విరేచనం, కళ్ళు తిరిగాయి, నొప్పి బిళ్ళలు వాడుతున్నాను' అని ఈ మూడు ముక్కలు చెప్పు. వాళ్ళు కూర్చోబెట్టరు. బండి నువ్వు నడపకు. మీ ఆవిడకి టెన్షన్ ఎందుకని ఒక్కడివీ వెళ్ళకు. దారిలో వాంతి అయితే, అది ఎర్రగా ఉన్నా కాఫీ పొడి కలిపినట్టున్నా, 108కి చెయ్యి. బిళ్ళల రేకులన్నీ ఒక కవర్లో వేసుకుని వెళ్ళు. ఆ నొప్పి బిళ్ళ మళ్ళీ ముట్టుకోకు.

కవిటి_కుర్రోడు

కండక్టర్ అన్నా, వెళ్ళినప్పుడు క్రియాటినిన్, అంటే కిడ్నీల పనితీరు తెలిపే రక్త పరీక్ష, కూడా చూడమని అడగండి. మాది ఉద్దానం, కిడ్నీ జబ్బులు ఎక్కువున్న ప్రాంతం, ఆ మాట మా ఇళ్ళల్లో పలకరింపులా అయిపోయింది. ఈ నొప్పి బిళ్ళలు కడుపునే కాదు, కిడ్నీలనీ దెబ్బతీస్తాయి. మా ఊళ్ళో జీడితోటల్లో, కొబ్బరితోటల్లో పనిచేసేవాళ్ళు పొద్దున్న కల్లుకి బదులు ఈ బిళ్ళలే వేసుకునేవాళ్ళు అని మా నాన్న అంటుంటాడు.

నాన్నకి వారానికి రెండుసార్లు డయాలసిస్. పలాసలో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి వచ్చాక విశాఖ తిరుగుడు తప్పింది. పోయినేడు ఆయనకి విచిత్రంగా అయింది. పదిరోజులు విరేచనం లేదు, పదకొండో రోజు నుంచి నీళ్ళ విరేచనాలు, బట్టల్లోనే. మేం విరేచనాలు ఆగే బిళ్ళ వేశాం. ఇంకా ఎక్కువైంది. డాక్టర్ చేత్తో చూసి, 'లోపల రాయిలా గట్టిపడి అడ్డుపడింది, దాని పక్కనుంచి నీళ్ళు కారుతున్నాయి, మీరు తలుపుకి ఇంకో గొళ్ళెం పెట్టారు' అన్నారు. పెద్దవాళ్ళున్న ఇళ్ళల్లో ఇది తెలిసి ఉండాలని రాస్తున్నాను.

విరేచనం కాకపోతే ఇసబ్‌గోల్ పొట్టు వేసుకోండి, నీళ్ళు బాగా తాగండి అని ఇంటర్నెట్‌లో అందరూ రాస్తారు. ఆ పొట్టు నీళ్ళు బాగా తాగకపోతే లోపల ముద్దకట్టేస్తుంది. డయాలసిస్ మనిషికి నీళ్ళకి కొలత ఉంది, బాగా తాగడం కుదరదు. మిల్క్ ఆఫ్ మెగ్నీషియా, ఫాస్ఫేట్ ఎనిమా లాంటివి కూడా కిడ్నీ రోగులకి అడక్కుండా ఇవ్వకూడదు అని అప్పుడే తెలిసింది. ఇప్పుడు లాక్టులోజ్ సిరప్ వాడుతున్నాం, డాక్టర్ చెప్పిన కొలతలో.

మీరు వెళ్ళారా అన్నా? ఒక్క ముక్క రాయండి.

టెక్కలి_కండక్టర్

ఇరవై రోజులైంది, ఆలస్యానికి క్షమించండి. ఆ రాత్రే మా బావమరిది కారులో శ్రీకాకుళం వెళ్ళాం. సిస్టర్ గారు చెప్పిన మూడు ముక్కలు చెప్పాను, నిజంగానే కూర్చోబెట్టలేదు. రెండు చేతులకీ సూదులు గుచ్చారు. హిమోగ్లోబిన్ 8.4. ఇంకా తగ్గి 7 దాకా పోతే రక్తం ఎక్కిస్తాం అన్నారు, ఆ అవసరం రాలేదు.

మర్నాడు ఎండోస్కోపీ. గొంతులో చేదు మందు కొట్టారు, నాలుక తిమ్మిరెక్కింది, పక్కకి పడుకోబెట్టి గొట్టం వేశారు. ఐదారు నిమిషాలు. ఓకరింత వస్తుంది, ఊపిరి మాత్రం బాగానే ఆడుతుంది, ఆ సంగతి ముందే చెబితే అంత భయపడను. చిన్నపేగు మొదట్లో పుండు, సెంటీమీటరంత. రక్తం అప్పటికి ఆగిపోయింది. కడుపులోంచి ఆవగింజంత ముక్క తీసి పసుపు రంగులో ఉన్న ఒక మందులో వేశారు, కాసేపటికి గులాబీ రంగుకి తిరిగింది. డాక్టర్ నాకు చూపించి 'హెచ్ పైలోరీ ఉంది' అన్నారు. అదొక సూక్ష్మజీవి, మనలో చాలామంది కడుపుల్లో చిన్నప్పటి నుంచి కాపురం ఉంటుందట. అది సగం, నా నొప్పి బిళ్ళ సగం, కలిసి పుండు చేశాయి. మా మామయ్య జబ్బు కాదు.

పద్నాలుగు రోజులు రెండు రకాల యాంటీబయాటిక్స్, గ్యాస్ బిళ్ళ. వాటిలో ఒకటి క్లారిత్రోమైసిన్. అది వాడినన్నాళ్ళూ నోరంతా రూపాయి బిళ్ళ చప్పరిస్తున్నట్టు ఉంది. పదహారేళ్ళు చిల్లర లెక్కపెట్టిన పాపం ఇలా తగిలిందని మా డ్రైవర్ ఒకటే నవ్వు.

పెద్దపేగు కూడా చూడాలన్నారు. పుండు దొరికింది కదా, ఇంకెందుకు అన్నాను. 'రెండు నెలలుగా మోషన్ తీరు మారింది, వయసు యాభైకి దగ్గర, రక్తం తక్కువ. ఒక దొంగ దొరికాడని ఇంకో గది తాళం చూడకుండా ఉంటామా' అన్నారు. పది రోజుల తరువాత కొలనోస్కోపీ. అసలు పరీక్ష అది కాదు, ముందు రోజు. ఆకుకూర, గింజలున్న కూర, జామకాయ బంద్. మధ్యాహ్నం తెల్లన్నం, పెరుగు. సాయంత్రం నుంచి రెండు లీటర్ల నీళ్ళలో కలిపిన పొడి, పావుగంటకో గ్లాసు. నిమ్మకాయ ఉప్పునీళ్ళలా ఉంటుంది, మూడో గ్లాసు దాకా పరవాలేదు, తరువాత గొంతు దిగదు. మా అమ్మాయి ఐసులో పెట్టి చల్లగా ఇస్తే దిగింది. రాత్రి పదకొండుకి పద్నాలుగోసారి వెళ్ళినప్పుడు నీళ్ళు లేత పసుపుగా, అడుగు కనిపించేంత తేటగా వచ్చాయి. అలా వస్తేనే శుభ్రమైనట్టట. షుగర్ బిళ్ళలు ఆ పూట ఎలా ఆపాలో, ఐరన్ ఎన్నాళ్ళ ముందు మానాలో వాళ్ళే కాగితం మీద రాసిచ్చారు. ఐరన్ వారం ముందు ఆపాలి, లేకపోతే లోపల నల్లగా అంటుకుని ఏమీ కనపడదట. మత్తు ఇచ్చారు, నాకేమీ తెలీదు. తోడు మనిషి లేకపోతే చెయ్యరు.

లోపల ఐదు మిల్లీమీటర్ల పులిపిరి లాంటిది ఒకటి కనబడితే తీగతో తీసేసి పరీక్షకి పంపారు. ఇలాంటివే కొన్ని ఏళ్ళ మీద పెరిగి కేన్సర్ అవుతాయట, అందుకే కనబడినప్పుడే తీసేస్తారు. రిపోర్టు మొన్న వచ్చింది, భయపడేది లేదు. మళ్ళీ ఎప్పుడు చూపించుకోవాలో రాసిచ్చారు. శివరాత్రికి వారం ముందే నా ఉపవాసం, జాగారం రెండూ అయిపోయాయి. శ్రీముఖలింగం స్పెషల్ డ్యూటీకి మాత్రం వెళ్ళలేదు, మెడికల్ లీవు.

మందులషాపు తమ్ముడూ, మీ మాట నూటికి నూరుపాళ్ళు నిజం. మెట్‌ఫార్మిన్ తగ్గించి, నెమ్మదిగా కరిగే రకం రాత్రి భోజనంతో ఇచ్చారు, తోడుగా వేరే బిళ్ళ. నాలుగో రోజుకే జావ పోయింది. బి12 కూడా తక్కువే, సూదులు వేస్తున్నారు. కవిటి తమ్ముడూ, క్రియాటినిన్ అడిగాను, 1.1, బాగానే ఉందన్నారు.

నాకు ఇన్నాళ్ళూ ఒకటే అనుమానం, ఒకటే జబ్బు. చూస్తే జావకి కారణం షుగర్ బిళ్ళ. నాగులచవితి నలుపుకి కారణం నొప్పి బిళ్ళ, ఆ సూక్ష్మజీవి. సంక్రాంతి నలుపులో ఐరన్ ఎంతో, రక్తం ఎంతో దేవుడికి తెలియాలి. డాక్టర్ మొదటి రోజు అడిగింది కూడా తేదీలే. ఏ బిళ్ళ ఎప్పుడు మొదలైంది, ఏ మార్పు ఎప్పుడు మొదలైంది. నేను వాడిన టికెట్ రోలు కాగితం వెనక రాసుకుని వెళ్ళాను, సిస్టర్ గారు చెప్పారు కదా అని. పొడుగ్గా ఉందని ఆయన నవ్వి, దాన్నే కేస్ షీట్‌కి పిన్ను కొట్టారు.

రాజాం_మందులషాపు

సంతోషం అన్నా. హెచ్ పైలోరీ గురించి ఒక ముచ్చట. పుండ్లు కారం వల్ల, టెన్షన్ వల్ల అని డాక్టర్లే నమ్మే రోజుల్లో ఆస్ట్రేలియా డాక్టర్ బారీ మార్షల్ 1984లో ఆ సూక్ష్మజీవులు కలిపిన ద్రావణం తానే తాగేశాడు. కొన్ని రోజులకి వాంతులు, కడుపులో వాపు. తన మీదే రుజువు చేసుకున్నాడు. ఆయనకీ, ఆయనతో పనిచేసిన రాబిన్ వారెన్‌కీ 2005లో నోబెల్ ఇచ్చారు.

కోర్సు అయిందని వదిలేయకండి. నాలుగు వారాలు ఆగి, అది పోయిందో లేదో మళ్ళీ పరీక్ష చేయిస్తారు. ఆ పరీక్షకి రెండు వారాల ముందు గ్యాస్ బిళ్ళ ఆపమంటారు, డాక్టర్ని అడిగి ఆపండి. నడుంనొప్పికి ఇప్పుడేం వాడుతున్నారు?

టెక్కలి_కండక్టర్

పారాసిటమాల్, అదీ తప్పనిసరైతేనే. ఒక బెల్టు, ఫిజియో మేడం నేర్పిన నాలుగు కసరత్తులు. బస్సు కదిలాక రాడ్డుకి ఆనుకుని నిలబడటం కూడా ఆవిడే నేర్పింది. మార్షల్ గారి ముందు నా సిగ్గు ఏపాటిది తమ్ముడూ.

ఆమదాలవలస_మాస్టారు

బాబూ, వాము మాట నాది పొరపాటు. నువ్వు వారం రోజులు మజ్జిగ తాగుతూ కూర్చుంటే ఏమయ్యేదో తలుచుకుంటే నాకే గాభరాగా ఉంది. దానిమ్మ తొక్క మాత్రం మామూలు విరేచనాలకి మంచిదే, అది నేను వదలను.

కుసుమ_సిస్టర్ (రిటైర్డ్)

వదలకండి మాస్టారూ. నాయనా, ఐరన్ మళ్ళీ మొదలుపెట్టారా? హిమోగ్లోబిన్ ఎంతకొచ్చింది? కాగితం రాయడం ఆపలేదు కదా?

టెక్కలి_కండక్టర్

కొలనోస్కోపీ అయిన మర్నాడే మొదలుపెట్టారమ్మా. నిన్నటి పరీక్షలో 9.8. మూడు నెలలు వాడమన్నారు. టీతో వేసుకోవద్దన్నారు, నిమ్మరసంతో వేసుకుంటున్నాను.

సోమవారం డ్యూటీకి వెళ్ళాను. సీటు కింద ప్యాంటు కవరు ఇంకా అలాగే ఉంది, తీయడానికి ధైర్యం చాలలేదు. నరసన్నపేటలో హోటలాయన అలవాటుగా తాళం తీసి బల్ల మీద పెట్టాడు. అక్కర్లేదన్నాను. ఇడ్లీలు మాత్రం కట్టించుకున్నాను, ఈసారి నేనే తిన్నాను.

ఇవాళ్టి కాగితం: 4-40, ఒక్కసారి, నాలుగో రకం. నలుపే గానీ పచ్చదనం ఉంది. ఒక మగ్గుకి పోయింది.